ప్రీసేల్ ఐదో స్టేజి అంటే మీరు ముందున్నట్టా? మీకంటే ముందు ఎవరు ఎంతకు కొన్నారో చూసే పద్ధతి

గుణుపురం తమ్ముడి ప్రశ్న క్లుప్తంగా ఇది: రాయగడలో ఉండే బావ వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాడు. ఒక కొత్త క్రిప్టో టోకెన్ ప్రీసేల్ (సంతలోకి రాకముందే జనానికి అమ్మడం) ఐదో స్టేజిలో ఉంది. ధర 0.012 డాలర్లు, ఆదివారం దాటితే 0.014, లిస్టింగ్ (ఎక్స్ఛేంజిలోకి వచ్చే రోజు) నాడు 0.05 అంటున్నాడు. పత్తి అమ్మిన డబ్బులోంచి 40,000 రూపాయలు పెట్టమంటున్నాడు. సీడ్, ప్రైవేట్, ప్రీసేల్, ఐడీఓ అంటే ఏమిటి, ఇప్పుడు పెడితే ముందుగా పెట్టినట్టేనా?

చివరి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను: కాదు. మామూలు ప్రాజెక్టులో వాట్సాప్ గ్రూపు దాకా కబురు వచ్చేసరికి రెండు మూడు రౌండ్లు అయిపోయి ఉంటాయి.

మన వైపు మామిడి తోటను పూత మీద గుత్తకు తీసుకునేవాడు తక్కువకు తీసుకుంటాడు, గాలివాన వస్తే నష్టం వాడిది కాబట్టి. పిందె మీద తీసుకునేవాడు కొంచెం ఎక్కువిస్తాడు, కాయ మీదైతే ఇంకా ఎక్కువ. టోకెన్ రౌండ్లు కూడా ఇంతే. కాకపోతే తోటకు గుత్తదారు ఒక్కడే. ఇక్కడ పూత మీద కొన్నవాడూ, పిందె మీద కొన్నవాడూ, కాయ మీద కొన్న మీరూ ఒకే సంతలో ఒకే సరుకు అమ్ముతారు. వాళ్ళు సగం ధరకు అమ్మినా లాభమే. మీకు నష్టం.

సీడ్ రౌండ్ అంటే పూత మీద బేరం. అప్పటికి నడిచే నెట్‌వర్క్ ఉండదు. ఒక వైట్‌పేపరు (ప్రాజెక్టు వివరాల పత్రం), వ్యవస్థాపకుల పేర్లు, మహా అయితే పరీక్షకు పెట్టిన కోడు ఉంటాయి. కొన్ని పెట్టుబడి ఫండ్లు, కొందరు వ్యక్తులు డబ్బు పెడతారు. వాళ్ళకు టోకెన్ ఇంకా ఉండదు, ఒప్పంద పత్రం ఉంటుంది. టోకెన్ పుట్టాక ఇంత ఇస్తాం అని రాసే పత్రాన్ని సాఫ్ట్ (SAFT) అంటారు. ఫైల్‌కాయిన్ అనే ప్రాజెక్టు 2017లో ఈ పద్ధతిలోనే సుమారు 25.7 కోట్ల డాలర్లు సేకరించింది. నెట్‌వర్క్ మొదలైంది 2020 అక్టోబరులో. అంటే డబ్బు పెట్టినవాళ్ళు మూడేళ్ళు ఆగారు.

ప్రైవేట్ రౌండ్‌లో కోడు కొంత తయారై ఉంటుంది, ధర సీడ్‌కు రెట్టింపో ఇంకా పైనో ఉంటుంది. యూట్యూబ్ ప్రచారకులకు చవగ్గా ఇచ్చే రౌండు కూడా చాలాచోట్ల ఇందులోనే కలుస్తుంది. మీరు చూసే వీడియోలో మాట్లాడేవాడు అలా కొన్నవాడే కావచ్చు.

ప్రైవేట్‌గా పెట్టిన పెద్దవాళ్ళకు కూడా దెబ్బలు తగులుతాయి. టెలిగ్రామ్ 2018లో తన టోకెన్ కోసం 170 కోట్ల డాలర్లు సేకరించింది. 2019 అక్టోబరులో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ కోర్టుకు వెళ్ళి ఆపించింది. 2020లో రాజీ కుదిరి 120 కోట్ల డాలర్లకు పైగా వెనక్కి ఇవ్వడానికి, 1.85 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి కంపెనీ ఒప్పుకుంది. అక్కడ ఒప్పంద పత్రం ఉంది, పేరు చిరునామా ఉన్న కంపెనీ ఉంది, కాబట్టి వెనక్కి అడిగే దారి దొరికింది. వెబ్‌సైటులో వాలెట్ (టోకెన్లు ఉంచుకునే యాప్) కలిపి యూఎస్‌డీటీ (డాలరు విలువకు కట్టిన టోకెన్) పంపితే మీ చేతిలో అలాంటి కాగితం ఏదీ ఉండదు.

బయటి జనానికి అమ్మే రౌండు మూడు రకాలు. ప్రాజెక్టు తానే అమ్మితే ఐసీఓ, ఇప్పుడు దాన్నే ప్రీసేల్ అంటున్నారు. ఎక్స్ఛేంజి అమ్మిపెడితే ఐఈఓ: 2019 జనవరిలో బైనాన్స్ అనే ఎక్స్ఛేంజి లాంచ్‌ప్యాడ్‌లో బిట్‌టొరెంట్ టోకెన్లు సుమారు 72 లక్షల డాలర్ల మేర 20 నిమిషాల లోపే అమ్ముడయ్యాయి. మధ్యవర్తి లేకుండా కాంట్రాక్టు (బ్లాక్‌చెయిన్ మీద దానంతటదే నడిచే ప్రోగ్రాము) ద్వారా, వికేంద్రీకృత ఎక్స్ఛేంజి పూల్ (టోకెన్లూ డాలర్లూ పక్కపక్కన పోసి ఉంచిన రాశి, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ అందులోనే మార్చుకుంటారు) దగ్గర అమ్మితే ఐడీఓ.

స్టేజి స్టేజికీ ధర పెరగడం దానంతటదే మోసం కాదు. ఎథీరియం 2014 జులై 22 నుంచి 42 రోజులు అమ్మినప్పుడు మొదటి 14 రోజులు ఒక బిట్‌కాయిన్‌కు 2000 ఈథర్ ఇచ్చింది, తర్వాత తగ్గించుకుంటూ 1337 దాకా వచ్చింది. ఆ లెక్క ముందే ప్రకటించారు. ఎన్ని బిట్‌కాయిన్లు వచ్చాయో ఎవరైనా బ్లాక్‌చెయిన్‌లో చూడగలిగేలా అమ్మారు. మీ సైటులో ‘ఇప్పటివరకు ఇంత వచ్చింది’ అని తిరిగే అంకె అలాంటిది కాకపోవచ్చు. అది వెబ్ పేజీలో ఎవరైనా రాసుకోగల సంఖ్య.

నేను ఏ ప్రాజెక్టునైనా చూసేటప్పుడు ముందు తెరిచేది టోకెన్ల కేటాయింపు పట్టిక. ఊహా లెక్క ఒకటి వేస్తాను, కాగితం మీద మీరూ వేయండి. మొత్తం 100 కోట్ల టోకెన్లు. సీడ్‌కు 8 శాతం, ధర 0.004. ప్రైవేట్‌కు 12 శాతం, ధర 0.008. ప్రీసేల్‌కు 3 శాతం, ధర 0.02. మిగతా 77 శాతం టీమ్, సలహాదారులు, ఖజానా, బహుమతులు, పూల్ వగైరా. ఇప్పుడు సీడ్‌లో వచ్చింది 3.2 లక్షల డాలర్లు, ప్రైవేట్‌లో 9.6 లక్షలు, మీలాంటివాళ్ళ దగ్గర 6 లక్షలు. అమ్మిన మూడు రౌండ్ల సొమ్ములో దాదాపు మూడో వంతు మీది, కానీ మీకు వచ్చేది మొత్తంలో 3 శాతం టోకెన్లు.

టోకెన్ పుట్టే రోజును టీజీఈ అంటారు. ఆ రోజు సీడ్‌వాళ్ళకు 5 శాతం, ప్రైవేట్‌వాళ్ళకు 10 శాతం విడుదలవుతుందనుకోండి. అంటే 40 లక్షలు, 1.2 కోట్లు, కలిపి 1.6 కోట్ల టోకెన్లు. పూల్‌లో ప్రాజెక్టు 1 కోటి టోకెన్లు, 2 లక్షల డాలర్లు పెట్టింది. ధర 0.02తో మొదలవుతుంది. పూల్‌లో రెండు వైపుల రాశులనూ గుణిస్తే వచ్చే సంఖ్య మారకూడదు, అదీ నియమం. వాళ్ళు సగం, అంటే 80 లక్షల టోకెన్లు అమ్మితే పూల్‌లో టోకెన్లు 1.8 కోట్లు అవుతాయి, డాలర్లు సుమారు 1.11 లక్షలకు పడతాయి, ధర 0.0062. మొత్తం 1.6 కోట్లు అమ్మితే ధర 0.003. మీరు 0.02కు కొన్నది 85 శాతం పోయింది. ఎవరూ మోసం చేయలేదు, దొంగతనం జరగలేదు. పట్టికలో రాసి ఉన్నదే జరిగింది.

అందుకే ‘లిస్టింగ్ ధర 0.05’ అన్న మాటకు నేను విలువ ఇవ్వను. ప్రాజెక్టు నిర్ణయించగలిగేది మొదటి క్షణం ధర ఒక్కటే. రెండో నిమిషం ధర పూల్‌లో ఎన్ని డాలర్లున్నాయో, అమ్మే చేతులు ఎన్నున్నాయో దాన్నిబట్టి ఉంటుంది.

పట్టికలో ఇంకో రెండు మాటలు కనిపిస్తాయి. క్లిఫ్ అంటే అసలేమీ విడుదల కాని గడువు, వెస్టింగ్ అంటే ఆ తర్వాత నెలనెలా విడుదల. పై లెక్కలో సీడ్ మిగులు 7.6 కోట్లు 18 నెలల్లో, ప్రైవేట్ మిగులు 10.8 కోట్లు 12 నెలల్లో వస్తే క్లిఫ్ అయ్యాక నెలకు 1.32 కోట్ల కొత్త టోకెన్లు సంతకు వస్తాయి. ఆ నెల తేదీ రాసి పెట్టుకోండి. టీమ్ వాటాకు కనీసం ఏడాది క్లిఫ్ లేకపోతే నేను అక్కడే ఆగిపోతాను.

ఇక కాంట్రాక్టు. బీఎన్‌బీ చెయిన్ అయితే బీఎస్‌సీస్కాన్, ఎథీరియం అయితే ఈథర్‌స్కాన్ సైటు తెరిచి ప్రీసేల్ అడ్రస్ వేయండి. కాంట్రాక్ట్ ట్యాబ్ మీద పచ్చ టిక్కు ఉంటే కోడు బయటపెట్టినట్టు. ట్యాబే లేకపోతే అది ఎవరిదో మామూలు వాలెట్, మీ డబ్బు నేరుగా మనిషి చేతికి పోతోందన్న మాట. కోడులో మింట్ (కొత్త టోకెన్లు పుట్టించడం), పాజ్ (లావాదేవీలు ఆపేయడం), బ్లాక్‌లిస్ట్ (ఒకరి వాలెట్‌ను అడ్డుకోవడం), అమ్మకం మీద పన్ను శాతం మార్చే ఫంక్షన్లు ఓనర్ చేతిలో ఉన్నాయేమో వెతకండి. కొనడం కుదిరి అమ్మడం కుదరని టోకెన్లు ఇలాగే తయారవుతాయి. ఆ అడ్రస్‌కు వచ్చిన యూఎస్‌డీటీ మొత్తాన్ని సైటులో తిరిగే అంకెతో పోల్చండి. పూల్ వాటా టోకెన్లు (పూల్‌లో పోసిన సొమ్మును వెనక్కి తీసుకునే రసీదులు) ఎన్నాళ్ళు లాక్ చేశారో, ఎంత శాతమో అడగండి. నెల రోజుల లాక్‌ను లాక్ అనరు.

సీడ్ రౌండ్‌కూ వాలెట్ సీడ్ ఫ్రేజ్‌కూ (వాలెట్‌కు తాళంచెవి లాంటి పదాల వరుస) సంబంధం లేదు. సీడ్‌లో చేర్పిస్తాం, 12 పదాలు పంపండి అని అడిగితే అది దొంగతనమే. కొత్త వాలెట్ తెరిచి పెట్టదలచిన మొత్తమే అందులో ఉంచండి. సైటు అప్రూవ్ (మీ వాలెట్‌లోంచి తీసుకునే అనుమతి) అడిగినప్పుడు అన్‌లిమిటెడ్ తీసేసి ఖచ్చితమైన మొత్తం వేయండి, పని అయ్యాక ఆ అనుమతిని రద్దు చేయండి. యూఎస్‌డీటీని అవతలివాళ్ళు తీసుకోని నెట్‌వర్క్‌లో పంపితే తిరిగి రాబట్టడం చాలా కష్టం. టీఆర్‌సీ20 (ట్రాన్ నెట్‌వర్క్), బీఈపీ20 (బీఎన్‌బీ చెయిన్) ఒకటి కావు. పీటూపీలో (మనిషికి మనిషి నేరుగా కొని అమ్ముకునే పద్ధతి) తెలియనివాడి దగ్గర లావాదేవీ చేస్తే, మీ ఖాతాలోకి వచ్చిన సొమ్ము ఎక్కడో సైబర్ మోసం తాలూకుదై ఉండి, వేరే రాష్ట్రం పోలీసుల లేఖతో మీ ఖాతా నిలిచిపోవచ్చు. జీతం, పంట డబ్బు వచ్చే ఖాతాను దీనికి వాడకండి.

పన్ను సంగతి: 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం, పైన సెస్సు. ఒక టోకెన్ నష్టాన్ని ఇంకో టోకెన్ లాభంలో తీసేసుకోవడానికి వీల్లేదు, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ లేదు. యూఎస్‌డీటీ ఇచ్చి టోకెన్ తీసుకోవడం కూడా బదిలీ కిందే లెక్క. మన దేశంలో సెబీ ఏ టోకెన్ ప్రీసేల్‌కూ ఆమోదం ఇవ్వలేదు. బరంపురంలో హాలు తీసుకుని ప్రొజెక్టర్ మీద సర్టిఫికెట్ చూపించినా సరే, ఆ మాట అబద్ధం.

మీ బావ మనసులో చెడు లేకపోవచ్చు, నమ్మే చెబుతూ ఉండొచ్చు. అయినా పదిమంది నగదు తీసుకుని ఆయన వాలెట్‌లోంచి కొంటే టోకెన్లు ఆయనవి, క్లెయిమ్ ఆయనది, పన్ను ప్రశ్నా ఆయనకే వస్తుంది. మనుషుల్ని చేర్చినందుకు కమీషన్ ఉంటే సంగతి ఇంకా ముదురుతుంది. 2023 ఆగస్టులో ఒడిశా ఆర్థిక నేరాల విభాగం సోలార్ టెక్నో అలయెన్స్ కేసులో అరెస్టులు చేసింది. క్రిప్టో పేరుతో మనుషుల్ని గొలుసుగా చేర్చే పథకమన్నది ఆరోపణ. ఆశ చూపి డిపాజిట్లు సేకరించేవాళ్ళ మీద ఒడిశాలో 2011 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కూడా ఉంది. అక్కకు ఈ మాట చెప్పండి, బావకు నేరుగా చెప్పడం మొహమాటమైతే.

ఈ రాత్రే ఆయన్ని మూడు అడగండి: ప్రీసేల్ కాంట్రాక్టు అడ్రస్, వెస్టింగ్‌తో సహా కేటాయింపు పట్టిక, ఒక్కో మనిషికి ఆయనకు వచ్చే కమీషన్. మూడూ వస్తే ఇక్కడ పెట్టండి, లెక్క కలిసి వేద్దాం. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ట్రాన్సాక్షన్ హ్యాష్ (లావాదేవీ నంబరు), స్క్రీన్‌షాట్లు, బ్యాంకు స్టేట్‌మెంటు దాచి, ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు వెనక్కి రప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి అంటూ టెలిగ్రామ్‌లో వచ్చేవాళ్ళకు పైసా కూడా పంపకండి.