టెక్ సందేహాలు: కోడ్ బహిరంగమైతే పటమూ బహిరంగమేనా?

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్న ఎన్‌సీసీ కేడెట్‌ని. మ్యాప్ రీడింగ్ సాధన కోసం లాప్‌టాప్‌లో క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. ఎవరైనా కోడ్ చూడగలిగే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను సైన్యాలు నిజంగా వాడతాయా? శత్రువుకు గుట్టు తెలిసిపోదా?

జవాబు: వాడటమే కాదు, ఈ కోవలో పాత కాపు ఒకటి సైన్యం ఇంట్లోనే పుట్టింది. మీ క్యూజీఐఎస్ లోపలి నుంచే నడపగలిగే గ్రాస్ అనే మరో పటాల సాఫ్ట్‌వేర్‌ను, తన అధీనంలోని శిక్షణ భూముల నిర్వహణ కోసం అమెరికా సైన్యపు నిర్మాణ ఇంజినీరింగ్ పరిశోధనశాల 1980లలో తయారుచేసుకుంది; 1999లో అది జీపీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్సు కిందికి వచ్చింది. ఏ పనికైనా వాడుకోనిచ్చే లైసెన్సు అది, కాబట్టి సైనిక అవసరానికి వేరే అనుమతి అక్కర్లేదు.

ఇక గుట్టు సంగతి. త్రాసు ఎలా పనిచేస్తుందో ఊరందరికీ తెలిసినంత మాత్రాన మీరు ఇంట్లో ఏం తూచారో తెలియదు కదా! అసలు లీకు మరోచోట ఉంది. క్యూజీఐఎస్‌లో అడుగు పొరగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ప్రపంచ పటాన్ని ఆన్‌లైన్‌లో తెరిచి మహేంద్రగిరి మీదికి జూమ్ చేశారనుకోండి. ఆ కొండ చుట్టూ ఉన్న చదరపు ముక్కలను, ఒక్కోదాని జూమ్ స్థాయి, నిలువు, అడ్డు వరుసల నంబర్లు చెప్పి మరీ, మీ లాప్‌టాప్ సర్వర్‌ను అడుగుతుంది. మీరు గీసిన గీత ఒక్కటీ చూడకపోయినా, సర్వర్ చిట్టా చదివేవారికి మీ కన్ను ఏ కొండ మీద ఉందో తెలిసిపోతుంది. అందుకే దేశం మొత్తం డేటాను ఒకే ఫైలుగా ముందే దించుకుని, నెట్ తీసేసి పనిచేయడం మేలు. గజపతి జిల్లా ముక్క ఒక్కటే దించుకుంటే సగం చెప్పేసినట్టే. అన్నట్టు, 2018 జనవరిలో సైనిక స్థావరాల జాడ బయటపెట్టిన స్ట్రావా హీట్‌మ్యాప్ (జనం ఎక్కువగా తిరిగిన దారులను వెలుగుగా చూపే పటం) ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచిన సరుకు కానే కాదు. సైనికులు పరుగెత్తిన దారులను వాళ్ల ఫిట్‌నెస్ యాప్ నమోదు చేసి పెట్టుకున్న ఫలితం అది.

ప్రశ్న: మాది సిరొంచ. సైన్యంలో పనిచేసి రిటైరైన మా మామయ్య దాచుకున్న పాత టోపోషీటును (కొండలు, నదులు చూపే సర్వే పటం) స్కాన్ చేసి క్యూజీఐఎస్‌లో పెట్టాను. ప్రాణహిత ఒడ్డున నిలబడి ఫోన్లో తీసుకున్న పాయింటు నదిలో పడుతోంది. తప్పు ఫోన్‌దా, షీటుదా?

జవాబు: రెండింటిదీ కాదు. పాత షీటు భూమి ఆకారాన్ని 1830 నాటి ఎవరెస్ట్ కొలతలతో లెక్కించింది. మీ ఫోన్ జీపీఎస్ వాడే కొత్త కొలతలైన డబ్ల్యూజీఎస్84తో లెక్కిస్తుంది. మీ ప్రాంతంలో ఈ రెండింటి మధ్య తేడా సుమారు 200 మీటర్లు, అదీ ఎక్కువగా పడమటికి, అంటే మీ ఊరి నుంచి సరిగ్గా నది వైపుకు. 1:50,000 షీటు మీద అది 4 మిల్లీమీటర్లే, కానీ ఫిరంగి గురిపెట్టేవాడికి 4 మిల్లీమీటర్లంటే పక్క వీధి. జియోరెఫరెన్సింగ్ (స్కాన్ చేసిన షీటును భూమి మీది అసలు చోటుకు అతికించడం) చేసేటప్పుడు షీటుకు ఆ ఎవరెస్ట్ కొలతల పద్ధతైన కల్యాణ్‌పూర్ 1975ను ఎంచుకోండి, మిగతా మార్పిడి సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. 2005 జాతీయ పటాల విధానం తరువాత ప్రజల కోసం వచ్చిన ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్84లోనే ఉంటాయి కనుక వాటితో ఈ బెడద లేదు.

ఇలాంటి చిక్కే పర్లాకిమిడి కేడెట్‌కూ ఎదురవుతుంది. చోటును మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతి భూమిని నిలువు జోన్లుగా విడదీస్తుంది; అలా రెండు జోన్లను విడదీసే 84 డిగ్రీల తూర్పు రేఖాంశం గుణుపురానికీ పర్లాకిమిడికీ మధ్య నుంచి వెళుతుంది. గుణుపురం 44వ జోన్‌లో ఉంది, అక్కడ తూర్పు విలువ (జోన్‌లో తూర్పుకు ఎంత దూరమో చెప్పే అంకె) సుమారు 8 లక్షల మీటర్లు; పర్లాకిమిడి 45వ జోన్‌లో ఉంది, అక్కడ సుమారు 2 లక్షలే. జోన్ చెప్పకుండా ఒక ఊరి అంకెలను రెండో జోన్‌లో వేస్తే పాయింటు వందల కిలోమీటర్ల అవతల తేలుతుంది. సైనిక గ్రిడ్ రెఫరెన్సు పూర్తిగా రాసేటప్పుడు 44క్యూ, 45క్యూ అంటూ (క్యూ అంటే అక్షాంశాల పట్టీకి గుర్తు) జోన్‌తోనే మొదలుపెట్టేది అందుకే.