పెరట్లో పడవకు పర్సనల్ లోన్ ఎందుకు మాస్టారూ?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఒంగోలు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్ని. కోతలు పోను చేతికి 58 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు కలిపి 50 వేలు పోగా, మిగిలేది ఎనిమిది వేలు. 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా ఏపీజీఎల్ఐ తప్ప వేరే బీమా లేదు. నాకు వడ్రంగం కొంత వచ్చు. పెరట్లో 12 అడుగుల చెక్క పడవ సొంతంగా చేసుకోవాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. ప్లైవుడ్ 26 వేలు, ఎపాక్సీ జిగురు, ఫైబర్ గ్లాస్ టేపు 34 వేలు, కలప 20 వేలు, పెయింటు, స్క్రూలు 12 వేలు, పనిముట్లు 38 వేలు, వెరసి 1.30 లక్షలు అవుతుందని అంచనా వేశాను. చేతిలో ఉంటాయని 13 శాతం వడ్డీకి మూడేళ్లకు 2 లక్షల పర్సనల్ లోన్ తీసుకుందామనుకుంటున్నాను. ఇంట్లో మాత్రం అప్పు వద్దు, ఎఫ్‌డీ తీయమంటున్నారు. ఆదివారాలు కొత్తపట్నం వైపు బకింగ్‌హామ్ కాలువలో జనాన్ని తిప్పితే ఈఎంఐ దానంతటదే వస్తుందని మా బావమరిది మాట. ఏం చేయమంటారు?

జవాబు: లోనూ వద్దు, ఎఫ్‌డీ జోలికీ పోవద్దు. పడవ మాత్రం చేసుకోండి.

పడవ కొనడానికీ ఇంట్లో కట్టుకోవడానికీ డబ్బు విషయంలో ఉన్న పెద్ద తేడా ఒక్కటే. కొంటే డబ్బంతా ఒకేసారి కావాలి. కట్టుకుంటే మధ్యలో ఎక్కడైనా ఆగొచ్చు. అమ్మాయికి సీటు వచ్చి ఫీజు కట్టాల్సి వస్తే ఆర్నెల్లు టార్పాలిన్ కప్పి వదిలేయొచ్చు, అడిగేవాళ్లు ఉండరు. లోన్ తీసుకున్నారంటే ఆ సౌకర్యాన్ని మీ చేతులతో మీరే పోగొట్టుకున్నట్టు. పడవ నీళ్లలో దిగకముందే ఈఎంఐ మొదలవుతుంది, మీరు పని ఆపినా అది ఆగదు.

2 లక్షలకు 13 శాతం చొప్పున 36 నెలల ఈఎంఐ సుమారు 6,740 రూపాయలు. మొత్తం 2.42 లక్షలు దాటుతుంది, అంటే వడ్డీయే 42 వేల పైచిలుకు. మీ ప్లైవుడ్ ఖర్చు కన్నా ఎక్కువ! పైగా అవసరం 1.30 లక్షలైతే 2 లక్షలు ఎందుకు? 'చేతిలో ఉంటాయని' తెచ్చిన 70 వేలు చేతిలో ఉండవు మాస్టారూ, మీకూ తెలుసు.

ఎఫ్‌డీ విషయానికొస్తే, నెలకు 50 వేలు ఖర్చున్న ఇంటికి 3 లక్షలంటే సరిగ్గా ఆర్నెల్ల ఖర్చు. అది ఆసుపత్రికీ ఆపదకూ ఉంచిన డబ్బు.

కట్టడానికి సిద్ధపడిన ఆ 6,700 రూపాయలనే నెలనెలా ఆర్‌డీలో వేయండి. ఎనిమిది నెలలకు 53 వేల పైన జమవుతుంది. దాంతో ప్లైవుడ్ మొత్తం, సగం ఎపాక్సీ, తప్పనిసరి పనిముట్లు వస్తాయి. ఒక వేసవి సెలవులకు మీ రెండు చేతులకూ అంత పని చాలు. మిగతా కలప, పెయింటు, తెడ్లు వగైరా పై వేసవికి. పడవ పూర్తయ్యే సమయానికి దాని మీద ఒక్క రూపాయి బాకీ ఉండదు.

ఇక మీ అంచనా. పనిముట్లకు 38 వేలు చాలా ఎక్కువ. జిగ్ సా (వంపులు కోసే కరెంటు రంపం), డ్రిల్లు ఉంటే సగం పని అయిపోతుంది. మిగతావి మీ ఊరి వడ్రంగి దగ్గర రోజు అద్దెకు దొరుకుతాయి. పలకలను బిగించి పట్టడానికి డజన్లకొద్దీ కావాల్సిన క్లాంపులను పీవీసీ పైపు ముక్కలు కోసి, నిలువునా చీరి చేసుకోవచ్చు. పది వేలకు మించనివ్వకండి. ఆ మిగులుకు మురిసిపోవద్దు, మీరు రాయని ఖర్చులు దాన్ని తినేస్తాయి: లైఫ్ జాకెట్లు, పందిరి, మాస్కులు, గ్లవ్స్, పడవను నీళ్ల దాకా చేర్చే బండి కిరాయి. ఇవి కలిపితే మళ్లీ 1.30 లక్షల దగ్గరకే వస్తారు. ఇంకో 20 వేలు పైన పెట్టుకోండి. అంటే 1.50 లక్షలు, మీ ఆర్‌డీ లెక్కన ఇరవై రెండు నెలల పైమాట.

ప్లైవుడ్ దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. 'మెరైన్' అని షాపువాడు నోటితో చెబితే సరిపోదు, షీటు మీద మెరైన్ ప్లైవుడ్ ప్రమాణమైన ఐఎస్ 710 ముద్ర ఉండాలి. ఓ చిన్న ముక్క అడిగి తెచ్చి కొన్ని గంటలు నీళ్లలో మరిగించండి. పొరలు విడిపోతే ఆ షాపు గుమ్మం మళ్లీ తొక్కకండి. ఎపాక్సీ మన వాతావరణంలో డబ్బు తినే సరుకు. ఒంగోలు మే నెల ఎండకు గిన్నెలో కలిపింది కలిపినట్టే వేడెక్కి గడ్డకడుతుంది. అందుకని నెమ్మదిగా గట్టిపడే హార్డెనర్ తీసుకుని, తెల్లవారుజామున కొంచెం కొంచెంగా కలుపుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల తేమలో దాని జోలికి పోకపోవడమే మేలు. ప్లైవుడ్ పలకలను రాగి తీగతో కుట్టి అతికించే పద్ధతే మీరు ఎంచుకుని ఉంటారు, టేపు, ఎపాక్సీ లెక్క చూస్తే అలాగే ఉంది. ఈ కోరమండల్ తీరంలో ఒకప్పుడు మసూలా పడవల పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు, కాబట్టి కుట్టిన పడవ మన సముద్రానికి కొత్తేమీ కాదు. అయితే ఇప్పుడు తీరంలో ఎక్కడ చూసినా ఫైబర్ బోట్లే. మీ పడవను రేపు అమ్ముదామంటే కొనేవాళ్లు దొరకడం కష్టం. ఆస్తుల కాలమ్‌లో దానికి సున్నా వేసుకోండి.

ఒకటి అడగడం మరిచాను. పెరటి నుంచి వీధిలోకి దారి ఎంత వెడల్పు? ప్రహరీ పగలగొట్టి మళ్లీ కట్టించే ఖర్చు మీ అంచనాలో లేదు. ప్లైవుడ్ కొనకముందే టేపు పెట్టి కొలవండి.

మీ బావమరిది గారి ఆలోచనకు మాత్రం నా సమాధానం గట్టిగా 'వద్దు'. అనుమతి లేకుండా వ్యాపారం చేయడాన్ని ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. అంతకన్నా పెద్ద సంగతి, డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించిన రోజున పడవ రిజిస్ట్రేషను, అనుమతి, బీమా, ప్రాణాల బాధ్యత అన్నీ మీ మెడకే. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర బోల్తా పడిన పడవలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లే. మీ ఊళ్లో ఆ సంగతి ఎవరూ మరిచిపోయి ఉండరు. సరదాకు మీరొక్కరే తిరగాలన్నా ఆ నీళ్లలో పడవ దించే ముందు స్థానిక అధికారులను అడగండి.

చివరిగా, ఆర్‌డీ మొదలుపెట్టకముందే చేయాల్సిన పని. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి ఏపీజీఎల్ఐ ఒక్కటే చాలదు. ఏడాది జీతానికి పది రెట్లకు తగ్గకుండా, అంటే 70 లక్షలకు టర్మ్ పాలసీ తీసుకోండి. దరఖాస్తులో మీ పడవ సరదా గురించి అడిగితే దాచకుండా రాయండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా చేర్చుకోండి, ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తుంది. టర్మ్ ప్రీమియం పోగా ఆర్‌డీకి 6,700 మిగలకపోతే ఐదు వేలే వేయండి. పడవ ఇంకో వేసవికి పూర్తవుతుంది, అంతే కదా.