అయిదో ఫౌల్ పడ్డాక రిఫరీ కోచ్‌తో ఎంతవరకు మాట్లాడాలి?

ప్రశ్న: ఒక బాస్కెట్‌బాల్ పోటీలో మా జట్టు ఆటగాడికి అయిదో ఫౌల్ పడగానే రిఫరీ వచ్చి, ఆ సంగతి మా కోచ్‌కు రెండు ముక్కల్లో చెప్పి వెళ్లిపోయారు. ఆ ఫౌల్ దేనికని కోచ్ అడిగినా ఆగలేదు. మరో ఆటలో ఒక ఆటగాణ్ని ఏకంగా డ్రెస్సింగ్ రూమ్‌కే పంపించేశారు. ఈ రెండూ ఒకటేనా? రిఫరీ వివరణ ఇవ్వనక్కర్లేదా?
– ఒక పాఠకుడు

జవాబు: రెండూ ఒకటి కావు. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనల ప్రకారం వ్యక్తిగత ఫౌళ్లు (ప్రత్యర్థిని అక్రమంగా తాకినందుకు పడేవి), టెక్నికల్ ఫౌళ్లు (తాకడంతో పనిలేకుండా ప్రవర్తనకు పడేవి) కలిపి అయిదు పూర్తయిన ఆటగాడు ఆట నుంచి తప్పుకోవాలి. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో వ్యక్తిగత ఫౌళ్ల పరిమితి ఆరు. ఇది లెక్క నిండడమే గాని దుష్ప్రవర్తనకు వేసిన శిక్ష కాదు కనుక, ఆ ఆటగాడు తన జట్టు బెంచీ మీదే కూర్చోవచ్చు. అనర్హత వేటు సంగతి వేరు. కొట్టడం వంటి తీవ్రమైన దుష్ప్రవర్తనకు నేరుగా గాని, రెండు టెక్నికల్ ఫౌళ్లో రెండు అన్‌స్పోర్ట్స్‌మన్‌లైక్ (క్రీడా స్ఫూర్తికి విరుద్ధంగా ప్రత్యర్థిని తాకే) ఫౌళ్లో చెరి ఒకటో పడినప్పుడు గాని ఆ వేటు పడుతుంది. అలాంటి ఆటగాడు డ్రెస్సింగ్ రూమ్‌లో ఉండాలి, లేదా ప్రాంగణం విడిచి వెళ్లాలి.

అయిదో ఫౌల్ నమోదు కాగానే స్కోరర్ ఎర్ర అంకె ఉన్న పలక చూపి రిఫరీకి తెలియజేస్తారు. ఆటగాడికి ఆ విషయం చెప్పవలసినవారు రిఫరీయే. ముప్ఫై సెకన్లలో అతని స్థానంలోకి మరొకరు రావాలి. అమెరికా హైస్కూలు పోటీల్లో మాత్రం ముందు కోచ్‌కు చెప్పి, ఆ తర్వాతే ఆటగాడికి చెబుతారు. ఎవరికి ముందు చెప్పినా, చెప్పే తీరు ముఖ్యం. "కోచ్, మీ పన్నెండో నంబరుకు అయిదో ఫౌల్, మార్పు చేయండి" అని దగ్గరికి వెళ్లి మామూలు గొంతుతో అంటే చాలు. దూరం నుంచి చేయి విసిరి బెంచీ వైపు చూపించడం, అప్పటికే మనసు కష్టపెట్టుకుని ఉన్న ఆటగాణ్ని అందరి ముందూ తరిమినట్టు ఉంటుంది. అది నాకు ఏ మాత్రం సమ్మతం కాదు.

ఇక వివరణ మాట. బంతి డెడ్ అయి (అంటే ఆటలో లేనప్పుడు) గడియారం ఆగినప్పుడు హెడ్ కోచ్ మర్యాదగా రిఫరీతో మాట్లాడవచ్చునని నిబంధనే చెబుతోంది. "ఆ ఫౌల్ దేనికి?" అన్నది సమాచారం కోరే ప్రశ్న కాబట్టి, "షూట్ చేస్తుండగా చేతి మీద కొట్టాడు" అని ఒక్క వాక్యంలో బదులివ్వడం న్యాయం. మీ కోచ్‌కు ఆ ఒక్క వాక్యం దక్కవలసిందనే నా అభిప్రాయం. కోచ్ వాదనకు దిగితే మాత్రం రిఫరీ అక్కడ నిలబడకుండా ఆటను తిరిగి మొదలుపెట్టడమే మంచిది. అనర్హత వేటు పడినప్పుడు ఉద్రిక్తత ఎక్కువగా ఉంటుంది కనుక, వేటు వేసిన రిఫరీ కాస్త దూరంగా ఉండి, సహ రిఫరీ వెళ్లి కోచ్‌కు కారణం చెప్పడం మేలు.

ఫౌళ్ల లెక్క మీదే అనుమానం ఉంటే స్కోర్‌షీట్ సరిచూడమని కోచ్ అప్పటికప్పుడే మర్యాదగా అడగాలి. అయిదు ఫౌళ్లు పూర్తయిన సంగతి తెలియజేయక ఒక ఆటగాడు కోర్టులోనే ఉండిపోతే, పొరపాటు బయటపడగానే అతను తప్పుకోవాలి గాని, ఈలోగా అతను వేసిన బాస్కెట్ చెల్లుతుంది. కాబట్టి రిఫరీ కూడా కోచ్ దగ్గరికి వెళ్లేముందే స్కోరర్‌తో సంఖ్య ఖాయం చేసుకోవాలి.