పక్కింటి సందులోంచి వేసిన డీజిల్ గొట్టాన్ని పెద్దది చేయవచ్చా?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ. జనరేటర్ కోసం ఇంటి వెనక 990 లీటర్ల డీజిల్ ట్యాంకు ఉంది. దాన్ని నింపే అంగుళంన్నర గొట్టాన్ని మా నాన్నగారు 2002లో పక్కింటి పెద్దాయనను అడిగి, వారి సందులోంచి వేయించారు. అది తుప్పు పట్టి, మూత దగ్గర కారుతోంది. ఇప్పుడు మూడంగుళాల గొట్టం వేద్దామంటే వారి అబ్బాయి ఒప్పుకోవడం లేదు. ఇరవై ఏళ్లు దాటాయి కనుక మాకు హక్కు వచ్చినట్టే కదా?

జవాబు: మీ ప్రశ్నలో 'అడిగి' అన్న మాట దగ్గరే అసలు చిక్కు ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం సెక్షన్ 15 ప్రకారం, ఒకరి స్థలాన్ని ఇరవై ఏళ్లపాటు బహిరంగంగా, అంతరాయం లేకుండా, హక్కుగా భావించి వాడుకున్నవారికే ఈజ్‌మెంట్ హక్కు (పొరుగువారి స్థలాన్ని ఒక పరిమిత అవసరానికి వాడుకునే హక్కు) సంక్రమిస్తుంది. అనుమతి తీసుకుని వాడుకున్నది ఎన్నేళ్లు గడిచినా అనుమతిగానే మిగులుతుంది. (ఈ చట్టం మొదట అమలైన ప్రాంతాల్లో మధ్య పరగణాలు, అంటే బ్రిటిష్ కాలపు సెంట్రల్ ప్రావిన్సెస్, ఒకటి. సిరోంచ అప్పట్లో అందులోనే ఉండేది కాబట్టి ఈ చట్టం మీ ఊరికి మొదటి నుంచీ వర్తిస్తోంది.)

అలాగని మీ చేతిలో ఏమీ లేదనుకోకండి. అనుమతిని నమ్మి, సొంత ఖర్చుతో శాశ్వత స్వభావం గల నిర్మాణం చేసినవారి విషయంలో ఆ అనుమతిని రద్దు చేయడానికి వీల్లేదని సెక్షన్ 60 చెబుతోంది. గోడలో సిమెంటుతో బిగించిన గొట్టం అలాంటి నిర్మాణమేనని మీరు వాదించవచ్చు. అయితే ఆ రక్షణ నాన్నగారు వేయించిన గొట్టానికే గాని, దానికి రెట్టింపు వెడల్పున్న కొత్తదానికి కాదు. ఒకవేళ మీకు ఈజ్‌మెంట్ హక్కే ఉందనుకున్నా, అవతలి స్థలంపై అదనపు భారం పడేలా వాడుక తీరును మార్చకూడదని సెక్షన్ 23 కట్టడి చేస్తోంది. మరమ్మతు సంగతి వేరు. పొరుగు స్థలంలో నీటి గొట్టాలు వేసుకునే హక్కున్నవాడు వాటిని బాగుచేసేందుకు అక్కడి నేలను తవ్వవచ్చు, కానీ తిరిగి యథాస్థితికి తేవాలి అని సెక్షన్ 24 కింద ఉదాహరణే ఇచ్చారు. కనుక అదే కొలతలో కొత్త గొట్టం మార్చుకుంటానంటే మీ వాదనకు బలం ఉంటుంది.

ప్రమాదం జరుగుతుందేమోనని పొరుగువారు భయపడుతుంటే, దాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. గొట్టాన్ని వెడల్పు చేసి, ట్యాంకులోని గాలి బయటికి పోయే గొట్టాన్ని పాతదే ఉంచితే, పంపు వేగానికి లోపల ఒత్తిడి పెరిగి అతుకులు విడిపోవచ్చు. మండే పదార్థం విషయంలో ప్రాణాపాయం కలిగేంత నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) సెక్షన్ 287 కింద ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఇప్పుడు కారుతున్న మూతను మాత్రం ఈ వివాదం తేలేదాకా ఆగకుండా ఈ వారమే మార్పించండి.

ఈ సందర్భంలో ట్యాంకును కూడా పెద్దది చేద్దామనుకుంటే ఒక్క క్షణం ఆగండి. 1934 నాటి పెట్రోలియం చట్టం సెక్షన్ 7 ప్రకారం, ఒకచోట మొత్తం డీజిల్ 2500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్ర సామర్థ్యమూ 1000 లీటర్లు దాటకుండా ఉంటేనే లైసెన్సు అక్కర్లేదు. చూసేది సామర్థ్యాన్నే కాబట్టి, 1200 లీటర్ల ట్యాంకులో సగమే పోసినా మినహాయింపు వర్తించదు. పక్కన పెట్టిన డ్రమ్ములూ మొత్తం లెక్కలోకి వస్తాయి.

మూడంగుళాల గొట్టమే కావాలంటే, కోర్టుకు వెళ్లే ముందు ఆ అబ్బాయితో కూర్చుని, గొట్టం కొలత, దారి, మరమ్మతు ఖర్చు, నష్టానికి బాధ్యత స్పష్టంగా రాసుకుని, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టర్ చేయించండి. పత్రం మరాఠీలో ఉంటే, సంతకాలకు ముందు రెండు ఇళ్ల పెద్దలకూ తెలుగులో చదివి వినిపించండి.