బానెట్ ఎత్తే ముందు ఇది చదువు బుజ్జీ

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసి "నీ మేనకోడలు పాత కారు కొంది, మెకానిక్ దగ్గరికి వెళ్లదట, అన్నీ తనే చేసుకుంటుందట, నువ్వే చెప్పాలి దానికి" అని గోల పెట్టింది. మాటల్లో కంగారు ఎంత ఉందో, "చూశావా మా పిల్ల!" అన్న మురిపెం కూడా అంతే ఉందిలే. నా పరిస్థితీ అదే. మన ఇంట్లో నా తర్వాత పానా పట్టుకునే వాళ్లు ఎవరూ ఉండరనే అనుకున్నాను ఇన్నాళ్లూ. వద్దని చెప్పను. చెప్పినా వినవు, అక్కడ అచ్చం మీ అమ్మవే.

కానీ నువ్వు రాసుకున్న జాబితా కూడా అక్క పంపింది, అది చదివాక ఊరుకోలేకపోయాను. ఎల్ఈడీ బల్బులు, ఫాగ్ లైట్లు, పెద్ద అల్లాయ్ వీల్స్, కారు కిందికి దించడం, గట్టిగా మోగే సైలెన్సర్, డిక్కీలో ఆంప్లిఫయర్. ఇంత పొడుగు జాబితాలో బ్రేకు అన్న మాట ఒక్కచోటైనా ఉందా తల్లీ? అది 15 ఏళ్లు దాటిన బండి. దానికి నగలు తర్వాత చేయిద్దువు గానీ, ముందు ఒంట్లో ఎలా ఉందో చూడు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. జాకీ ఉన్నది ఎత్తడానికే, ఎత్తాక బరువు మోయాల్సింది స్టాండ్లు. స్టాండ్లు పెట్టకుండా కారు కింద దూరావని తెలిసిన రోజు నేను నీతో మాట్లాడను, ఇది సరదాకి అనడం లేదు. స్టాండ్ల మీద దించాక, కింద దూరే ముందు, కారుని పక్క నుంచి గట్టిగా ఒక ఊపు ఊపి చూడు, కదిలితే అప్పుడే కదలాలి. చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే కాస్త వదులు చేసుకో. హ్యాండ్ బ్రేకు చాలా కార్లలో వెనక చక్రాలనే పడుతుంది కాబట్టి వెనక భాగం ఎత్తేటప్పుడు ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డం పెట్టు. ఇంజన్ వేడి మీద రేడియేటర్ మూత తియ్యకు. తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపకు. ఆయిల్ ఫిల్టర్ మార్చేటప్పుడు పాతదాని రబ్బరు రింగు ఫిల్టర్‌తో పాటే ఊడి వచ్చిందో లేదో చూడు, అది ఇంజన్‌కే అతుక్కుపోయి దాని మీద కొత్త ఫిల్టర్ బిగిస్తే స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిలంతా నేల మీద ఉంటుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు ఆఖర్న నెగెటివ్. ఎందుకంటావా, పాజిటివ్ నట్టు విప్పుతూ పానా పొరపాటున బాడీకి తగిలిందనుకో, నెగెటివ్ అప్పటికే తీసేసి ఉంటే ఏమీ జరగదు.

ఇక కొన్న వారంలో చూడాల్సినవి. పాత బండిలో కిలోమీటర్ల కన్నా ఏళ్లు ఎక్కువ చెరుపు చేస్తాయి, ముఖ్యంగా రబ్బరుని. టైరు పక్క గోడ మీద చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. గాడులు నిండుగా ఉన్నాయని మురిసిపోకు, ముందు ఆ అంకెలు చదువు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, అలా పీల్చుకున్నకొద్దీ అది మరిగే వేడి తగ్గుతూ వస్తుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ మరగకుండా కనీసం 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. పొడుగాటి దిగుడులో బ్రేకు తొక్కుతూ ఉంటే అది లోపల ఆవిరైపోయి పెడల్ నేలకి అంటుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చేస్తే ఈ గొడవే ఉండదు. మార్చేటప్పుడు పెయింట్ మీద పడనివ్వకు, తినేస్తుంది. టైమింగ్ బెల్టు, అంటే ఇంజన్‌లో వాల్వులూ పిస్టన్లూ ఒకే తాళంలో కదిలేలా చూసే బెల్టు, ఎప్పుడు మార్చారో అమ్మినవాణ్ని అడుగు. "ఈ మధ్యే" అంటే నమ్మకు, బిల్లు చూపిస్తేనే నమ్ము. కొన్ని ఇంజన్లలో బెల్టు తెగితే వాల్వులు పిస్టన్ల మీదికి వచ్చి వంగిపోతాయి, అప్పుడు బాగు చేయించడం కంటే ఇంకో ఇంజన్ వెతుక్కోవడమే నయం. బెల్టు కాక చైన్ ఉన్న ఇంజనైతే సరే, నీ అదృష్టం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీ జాబితాలో నన్ను భయపెట్టింది ఫాగ్ లైట్లు. నవ్వకు.

మీ నాన్న అరిచేతిలో అడ్డంగా ఒక మచ్చ ఉంటుంది చూడు, చూపుడు వేలి మొదలు నుంచి మణికట్టు దాకా సన్నటి గీతలా. చిన్నప్పుడు నువ్వు అడిగితే "కుక్కర్ తగిలింది" అని చెప్పేవాడు. కుక్కర్ కాదు, ఫాగ్ లైట్ల వైరు. బావ అప్పటి తన కారు కొన్న కొత్తలో పొగమంచులో దారి కనపడట్లేదని రెండు లైట్లు తెచ్చి తనే బిగించుకున్నాడు. బిగించడం మహ శుభ్రంగా చేశాడు, ఆ బ్రాకెట్లు ఇప్పటికీ మెచ్చుకోవచ్చు. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఒక వైరు తీసుకుని, ఇంజన్‌కీ కేబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడకి డ్రిల్లుతో బెజ్జం వేసి, అందులోంచి దూర్చి డ్యాష్‌బోర్డు కింద స్విచ్చుకి ఇచ్చాడు. మధ్యలో ఫ్యూజు లేదు. బెజ్జానికి రబ్బరు గ్రోమెట్, అంటే వైరు తెగకుండా అంచుకి తొడిగే రింగు, లేదు. మొదటి రాత్రే లైట్లు ధగధగా వెలిగాయి, వీధిలో అందరికీ చూపించుకున్నాడు కూడా. చాలా నెలలు ఏమీ కాలేదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది బుజ్జీ, తప్పు వైరింగు ఆ రోజే కాలిపోతే ఎవడైనా నేర్చుకుంటాడు, అది నెలల తరబడి బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

డ్రిల్లు చేసిన రేకు అంచు బ్లేడు లెక్క. ఇంజన్ అదురుకి వైరు ఆ అంచు మీద అటూ ఇటూ ఒరుసుకుంటూ ఒరుసుకుంటూ ఒకనాటికి రాగి బయటపడింది. వాన రాత్రి, మేము ముందు కూర్చున్నాం, వెనక మీ అమ్మ ఒళ్లో నువ్వు నిద్రపోతున్నావు, ఇంకా ఏడాది కూడా నిండలేదు నీకు. ముందు వాసన వచ్చింది, ప్లాస్టిక్ కాలే చేదు వాసన, నాలుక మీద కూడా తెలిసింది. తర్వాత స్టీరింగ్ కింద నుంచి తెల్లటి పొగ. బావ పక్కకి ఆపి తాళం చెవి తీసేశాడు. పొగ ఆగలేదు. "కీ తీసేశాను కదరా, ఎందుకు ఆగట్లేదు?" అని నన్ను అడిగాడు. ఆ గొంతు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఎలా ఆగుతుంది, ఆ వైరు తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంటే. ఆ వైరు బాడీకి తగిలితే బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది, దాన్ని ఆపేది మధ్యలో ఫ్యూజు ఒక్కటే. అదే లేదు. మేము మిమ్మల్నిద్దర్నీ దింపేసి బానెట్ ఎత్తాం. టెర్మినల్ నట్టు విప్పుదామంటే పానా డిక్కీలో సామాన్ల అడుగున ఉంది. నేను సామాన్లు లాగిపడేస్తుండగా బావ ఇక ఆగలేక ఎర్రగా కాలుతున్న ఆ వైరుని చేత్తో పట్టుకుని లాగేశాడు. వైరు వచ్చింది, దానితో పాటు చర్మమూ వచ్చింది.

మర్నాడు నేను విప్పి చూశాను. రాగి ఆ బెజ్జం అంచుకి వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోయింది. పక్కనే వెళ్తున్న కారు అసలు వైర్ల కట్ట మూడు చోట్ల కరిగి ముద్దయింది. కార్పెట్ అడుగున ఉన్న దళసరి గుడ్డ అరచెయ్యంత మేర నల్లబడింది, ఇంకో నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో నేను రాయను. ఫాగ్ లైట్లకి మాత్రం ఏమీ కాలేదు. బ్యాటరీకి కలిపితే రెండూ వెలిగాయి.

ఈ మాట నాన్నని అడక్కు, నవ్వి ఊరుకుంటాడు. కానీ నీ ఫాగ్ లైట్లు ఎలా పెట్టాలో మాత్రం నేను చెప్పినట్టే పెట్టు. ఫ్యూజు ఉన్నది లైటుని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి, అందుకని అది స్విచ్చు దగ్గర కాదు, బ్యాటరీ నుంచి జానెడు దూరం లోపే ఉండాలి. బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న ముక్కకి ఏ రక్షణా ఉండదు, అది ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. 55 వాట్ల బల్బులు రెండంటే 110 వాట్లు, 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల పైన తీసుకుంటాయి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. ఫ్యూజు పోతుంటే పెద్దది వెయ్యకు, ఎందుకు పోతోందో చూడు. అంత కరెంటు స్విచ్చు గుండా పోనివ్వక రిలే పెట్టు, చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే, విడదీసే డబ్బా అది. రిలే కాళ్ల మీద అంకెలు ఉంటాయి: 30కి ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87 నుంచి లైట్లకి, 85, 86 స్విచ్చు వైపు. స్విచ్చుకి కరెంటు తాళం తిప్పితేనే వచ్చే చోటు నుంచి తీసుకో. రేకులో బెజ్జం ఉన్న ప్రతిచోటా గ్రోమెట్ ఉండాలి. వైర్లు మెలితిప్పి టేపు చుట్టడం నా మేనకోడలు చెయ్యదు, క్రింప్ చెయ్యి, అంటే లోహపు కనెక్టరులో పెట్టి గట్టిగా నొక్కి బిగించు.

నువ్వు పంపిన బానెట్ ఫోటో పెద్దది చేసి చూశాను. బ్యాటరీ పాజిటివ్ మీద కంపెనీది కాని ఎర్ర వైరు ఒకటి ఉంది, నల్ల టేపు చుట్టి కిందికి పోతోంది, ఫ్యూజు ఎక్కడా కనిపించలేదు. పాత ఓనరు హారన్ కోసమో మ్యూజిక్ కోసమో లాగి ఉంటాడు. అది ఎక్కడికి పోతోందో తెలిసేదాకా టెర్మినల్ నుంచి విప్పేసి, కొసకి టేపు చుట్టి పక్కన పెట్టు. రేపు కాదు, ఈ రోజే. టెర్మినల్ నట్టుకి సరిపోయే పానా, చాలా కార్లలో 10 నంబరుది, డ్రైవర్ తలుపు జేబులో ఉంచు. ఏబీసీ పౌడర్ మంట ఆర్పే సిలిండర్ సీటు దగ్గర, చేతికి అందేలా బిగించు, డిక్కీలో మాత్రం వద్దు.

మిగతా జాబితా సంగతి. నీ హెడ్‌లైట్లు గుడ్డిగా ఉన్నాయంటే బల్బు తప్పు కాకపోవచ్చు. ఇంజన్ నడుస్తుండగా, లైట్లు వేసి, మీటర్‌తో బ్యాటరీ దగ్గర ఎంత వస్తోందో, బల్బు వెనక ఎంత వస్తోందో కొలువు. ఒక వోల్టు పైన తేడా ఉంటే తుప్పు పట్టిన ఎర్తింగో అరిగిన స్విచ్చో మింగేస్తోందన్నమాట. హాలోజన్ బల్బుకి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. ఎర్త్ పాయింటు గీకి బిగించి, పసుపెక్కిన అద్దాలు నీటి పేపరుతో రుద్ది పాలిష్ చేస్తే ఎంత తేడా వస్తుందో నువ్వే చూస్తావు. పాత హెడ్‌లైటు గిన్నెలో ఎల్ఈడీ పెడితే నీకు తెల్లగా బాగానే ఉంటుంది, ఎదురుగా వచ్చేవాడి కళ్లు పోతాయి.

అల్లాయ్‌లు పెట్టుకో, కాదనను, బాగుంటాయి కూడా. టైరు మొత్తం ఎత్తు మారకుండా చూసుకుంటే చాలు. 185/65 ఆర్15 తీసి 195/55 ఆర్16 వేస్తే ఎత్తులో మిల్లీమీటరు కూడా తేడా రాదు, స్పీడోమీటరు అబద్ధం చెప్పదు. బరువు మోసే అంకె పాతదానికన్నా తగ్గకూడదు. కారు కిందికి దించడానికి స్ప్రింగులు కోస్తారు కొందరు, ఆ పని వద్దంటే వద్దు. కోసిన స్ప్రింగు దాని గూట్లో సరిగ్గా కూర్చోదు, చక్రం గుంతలో వేలాడినప్పుడు జరిగిపోతుంది. అసలు స్ట్రట్ (చక్రం దగ్గరి షాక్ అబ్జార్బరు) మీది స్ప్రింగు విప్పే పని నువ్వు ముట్టుకోవద్దు, అణిచి ఉంచిన ఆ స్ప్రింగు జారిందంటే మొహం ఉండదు, షెడ్డుకి ఇచ్చెయ్. సైలెన్సర్ గురించి మీ అమ్మతో మాట్లాడుకో, ఆ గొడవలో నన్ను లాగకు.

బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి, ముందు రోజు రాత్రే నూనె కొట్టి వదిలెయ్, పొద్దున సగం కోపం తగ్గి ఉంటాయి. పన్నెండు మూలల సాకెట్ కాదు, ఆరు మూలలది వాడు, లేకపోతే తల అరిగి గుండ్రమైపోతుంది. విప్పే ముందు ఫోటో తీసుకో. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చే రోజున నాన్నని పెడల్ తొక్కడానికి కూర్చోబెట్టు, "తొక్కు", "పట్టుకో", "వదులు" అని నువ్వు అరుస్తుంటే బావ బుద్ధిగా వినడం చూడాలని నాకు చాలా ఏళ్లుగా కోరిక.

నా టార్క్ రెంచ్, అంటే ఎంత బిగించాలో అంకె పెట్టుకునే పానా, నీకే ఇచ్చేస్తున్నాను, ఆదివారం వచ్చి తీసుకెళ్లు. వాడాక ప్రతిసారీ తక్కువ అంకెకి తిప్పేసి పెట్టెలో పెట్టు, లేకపోతే లోపలి స్ప్రింగు అలిసిపోయి లెక్క తప్పుతుంది. దానితో బిగించడమే, నట్లు విప్పుతూ కనిపించావో, తిరిగి లాక్కుంటాను.

మామయ్య