అన్ని శాఖలకూ ఒకే పరీక్షా?

ప్రశ్న: నేను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. మొదటి సంవత్సరం విద్యార్థులందరికీ, ఏ శాఖవారైనా సరే, సమాచార అక్షరాస్యతపై, అంటే కావలసిన సమాచారాన్ని వెతికి అది నమ్మదగినదో కాదో తేల్చుకునే నేర్పుపై, ఒకే గంట పాఠం చెప్పి, బహుళైచ్ఛిక ప్రశ్నలతో పరీక్ష పెడుతున్నాం. మార్కులు బాగానే వస్తున్నాయి కానీ, తరువాత వారు రాసే వ్యాసాల్లో ఆధారాలు నాసిరకంగా ఉంటున్నాయి. లోపం ఎక్కడుంది?

జవాబు: లోపం పరీక్షలోనే ఉందండీ. ఇచ్చిన నాలుగింటిలో నమ్మదగినదాన్ని గుర్తుపట్టడం వేరు, తన ప్రశ్నకు తానే ఆధారం వెతికి తూకం వేసుకోవడం వేరు. మీ పరీక్ష మొదటిదాన్నే కొలుస్తోంది. పైగా నమ్మకానికి కొలత శాఖశాఖకూ మారుతుంది. చరిత్ర విద్యార్థికి నూరేళ్ల నాటి ఉత్తరం అపురూపమైన ఆధారమైతే, వైద్య విద్యార్థికి పదేళ్ల నాటి చికిత్సా సూచన ప్రమాదకరం కావచ్చు. న్యాయశాస్త్రంలో తీర్పు పాతదైనా ఫరవాలేదు, దాన్ని తరువాతి తీర్పు ఏదైనా కొట్టివేసిందా అన్నది చూడాలి. రసాయనశాస్త్రంలోనైతే వెతికే తీరే వేరు: ఆస్పిరిన్‌కు పేర్లు ఎన్ని ఉన్నా, 50-78-2 అనే సీఏఎస్ నమోదు సంఖ్య (ఒక్కో రసాయన పదార్థానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఒక్కటే. అమెరికాలోని కళాశాల, పరిశోధన గ్రంథాలయాల సంఘం కూడా 2000లో ప్రకటించిన నైపుణ్యాల జాబితాను పక్కనపెట్టి, 2016లో ఆరు మూలభావనల చట్రాన్ని ఆమోదించింది; ప్రామాణికత సందర్భాన్ని బట్టి ఉంటుందన్నది వాటిలో ఒకటి.

కనుక పాఠాన్ని ఆయా శాఖల అసైన్‌మెంట్‌లోకే తీసుకువెళ్లండి. ఉదాహరణకు, టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ 1998లో లాన్సెట్ పత్రిక ప్రచురించి, 2010లో ఉపసంహరించుకున్న వ్యాసాన్ని వైద్య విద్యార్థుల చేతికిచ్చి, దాని ప్రస్తుత స్థితి ఏమిటో చెప్పమనండి. వ్యాసాన్ని మాత్రమే చదివి ఊరుకున్నవారెవరో, పత్రిక వెబ్‌సైట్‌లో సరిచూసుకున్నవారెవరో అక్కడే తేలిపోతుంది.

మూల్యాంకనానికి వ్యాసంతో పాటు ఒక పేజీ శోధన డైరీ కూడా అడగండి: ఏ పదాలతో వెతికారు, ఫలితాలు చూశాక ఆ పదాలను ఎలా మార్చుకున్నారు, దేన్ని ఎందుకు వదిలేశారు. ఆ వదిలేసిన వాటి గురించి రాసే రెండు మూడు వాక్యాలే నాకు అన్నిటికన్నా విలువైనవిగా కనిపిస్తాయి. కనీసం పది ఆధారాలు ఉండాలన్న నిబంధన ఉంటే తీసేయండి. దానివల్ల ఆధారాల జాబితాలో చదవని పుస్తకాలు చేరడం తప్ప ఒరిగేదేమీ లేదు.

మార్కులు వేసేటప్పుడు శాఖ అధ్యాపకులు, మీరు అవే అయిదారు వ్యాసాలను విడివిడిగా దిద్ది, తేడా వచ్చినచోట మాట్లాడుకోండి. అన్ని శాఖలతో ఒకేసారి మొదలుపెట్టనక్కరలేదు. సహకరించే అధ్యాపకులున్న ఒక్క శాఖతో, ఒక్క సెమిస్టర్ చేసి చూడండి.