బీచ్‌లో ఉంగరం పోయిందా? మీ ప్రశ్నలు, మా జవాబులు

బీచ్‌లో ఉంగరాలు పోగొట్టుకున్నవాళ్ళ కోసం డిటెక్టర్ పట్టుకుని వెతికే మా చెన్నై తెలుగువాళ్ళ పని గురించి ఇక్కడ రాసిన తర్వాత చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ విడివిడిగా రాయడం కుదరదు కాబట్టి ఎక్కువమందికి పనికొచ్చేవి ఇక్కడ తీసుకున్నా. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు, అందుకే ఎవరివీ వేయలేదు.

ప్ర: అన్నా, మొన్న ఆదివారం సాయంత్రం బెసెంట్ నగర్ బీచ్‌లో మా బాబు చేతులకి అంటిన ఇసుక దులుపుతుంటే నా నిశ్చితార్థం ఉంగరం జారిపోయింది. సెల్‌ఫోన్ లైట్లు వేసుకుని అందరం చేతుల్తో తవ్వాం, దొరకలేదు. మా తమ్ముడు ఫోన్‌లో మెటల్ డిటెక్టర్ యాప్ కూడా పెట్టి చూశాడు. ఇంక ఆశ వదులుకోవాల్సిందేనా?
– ఒక పాఠకురాలు, నంగనల్లూరు

జ: వదులుకోవద్దమ్మా. పొడి ఇసుకలో పడ్డ ఉంగరం దానంతట అది ఎక్కడికీ పోదు, పోయేదల్లా మనుషుల కాళ్ళ వల్ల, చేతుల వల్లే. పైన పడ్డప్పుడు రెండు మూడు వేళ్ళ లోతులో ఉండేదాన్ని పదిమంది కలిసి కెలికితే జానెడు లోతుకి దిగుతుంది, లేదా తోడిపోసిన కుప్పతో పాటు నాలుగడుగులు పక్కకి పోతుంది. ఇంకెవరికైనా ఇలా జరిగితే ముందు ఎవరినీ కదలొద్దని చెప్పండి, కూర్చున్న చోట చెప్పులో సంచో పెట్టి గుర్తు చేయండి, అక్కడే నిలబడి నాలుగు వైపులా నాలుగు ఫోటోలు తీయండి. ఒడ్డునున్న ష్మిట్ మెమోరియల్ కట్టడం ఏ దీపస్తంభానికి సూటిగా కనిపిస్తోంది, అష్టలక్ష్మి గుడి గోపురం ఏ కొట్టు వెనక ఉంది, అవన్నీ ఫోటోలో పడితే మర్నాడు పొద్దున వచ్చి ఆ చోటులోనే నిలబడొచ్చు. ఫోన్ మ్యాప్‌లో పిన్ కూడా పెట్టుకోండి, కానీ అది కొన్ని మీటర్లు అటూఇటూ అవుతుంది కాబట్టి ఫోటోలు ఉండాల్సిందే.

యాప్ సంగతి. ఫోన్‌లో ఉండేది దిక్సూచి సెన్సర్, దానికి ఇనుము లాంటివి మాత్రమే తెలుస్తాయి. బంగారానికి అయస్కాంతంతో సంబంధమే లేదు, కాబట్టి ఆ యాప్ మీ ఉంగరం మీద పెట్టినా మోగదు. చాలామంది పెద్ద అయస్కాంతం తాడుకి కట్టి లాగుతుంటారు, అదీ అంతే. మాల్ గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళ చేతిలో ఉండే కర్ర లాంటి డిటెక్టర్ బంగారాన్ని పట్టుకుంటుంది గానీ ఇసుకలో లోతుకి వెళ్ళదు, చేసిన గుంటలో వెతుక్కోడానికి తప్ప పెద్దగా ఉపయోగపడదు.

మీ విషయంలో మొదట చేయాల్సిన పని ఇంట్లో కూర్చుని చేసేదే. ఆ రోజు తీసిన ఫోటోలన్నీ, అందరి ఫోన్లలోవీ, టైము వరసలో పెట్టండి. ఏ ఫోటో దాకా వేలికి ఉంగరం ఉంది, ఏ ఫోటో నుంచి లేదు అన్నది చూడండి. సుండల్ పొట్లం పట్టుకున్న చెయ్యి, బాబుని ఎత్తుకున్న చెయ్యి, ఇలాంటివే పనికొస్తాయి. వెతికించుకునేవాళ్ళలో చాలామంది ఇసుక దులిపిన చోటే పోయింది అని గట్టిగా అనుకుంటారు, ఫోటోలు చూస్తే అంతకు అరగంట ముందే, కాళ్ళు కడుక్కున్నప్పుడే వేలు ఖాళీగా ఉంటుంది. నా లెక్కలో మెషీన్ పని సగమే, మిగతా సగం ఇలా చోటు తేల్చుకోవడమే.

ఇంకో సంగతి, ఎలియట్స్‌లో (బెసెంట్ నగర్ బీచ్‌కే ఇంకో పేరు), మెరీనాలో కార్పొరేషన్‌వాళ్ళు పైపొర ఇసుకని తోడి జల్లించే మెషీన్లు తిప్పుతారు, అందుకే ఆలస్యం చేయొద్దు. పొద్దున్నే వెళ్ళి అక్కడ పనిచేసే పారిశుద్ధ్య కార్మికుల్ని మర్యాదగా అడగండి, నంబర్ ఇచ్చి రండి. ఆ ఇసుకని రోజూ చూసేది వాళ్ళే.

డిటెక్టర్ ఉన్నవాళ్ళు వస్తే మీ ఆయన ఉంగరం తీసుకెళ్ళండి. అదే షాపులో జతగా చేయించినదైతే ఇంకా మంచిది. దాన్ని దారం కట్టి ఇసుకలో పెట్టి మెషీన్ తెర మీద లోహాన్ని బట్టి వచ్చే నంబరెంత, శబ్దమెలా ఉంది అని ముందు చూసుకుంటే మీ ఉంగరం కూడా ఆ దగ్గరలోనే మోగుతుంది. ఆ తర్వాత తాళ్ళు పరిచి వరసలు గీసి, కాయిల్‌ని, అంటే మెషీన్ కర్ర చివర ఉండే గుండ్రటి పళ్ళాన్ని, ఇసుకకి ఆనించినంత దగ్గరగా పట్టుకుని, ఒక ఊపు ఇంకో ఊపు మీద సగం పడేలా మెల్లగా నడవాలి. మోగిన ప్రతిదీ తీయాలి, ఇది కాదులే అని వదలకూడదు, ఎందుకంటే చిన్న బంగారు ఉంగరం మోగే నంబర్లలోనే సిగరెట్ పెట్టెలో వెండి కాగితం, మాత్రల రేకు కూడా మోగుతాయి, చెత్తని తప్పించుకుందాం అని సెట్టింగ్ పెడితే ఉంగరమూ తప్పించుకుపోతుంది.

ప్ర: సర్, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద కోవళం దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళల్లో ఆడుతుండగా అల వచ్చి కొట్టింది, నా పెళ్ళి ఉంగరం పోయింది. సముద్రంలో పోయింది మళ్ళీ రాదు అంటున్నారు ఇంట్లో. నిజమేనా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జ: కష్టమే గానీ, రాదు అని ఒట్టేసి చెప్పలేను. 22 క్యారెట్ల బంగారం అదే సైజు ఇసుక రేణువు కంటే ఆరు రెట్లకు పైగా బరువు, అందుకే అల దాన్ని మోసుకుపోవడం కంటే అది ఉన్నచోటే దిగబడిపోవడం ఎక్కువ. అల వెనక్కి వెళ్ళినప్పుడు మీ కాళ్ళ కింద ఇసుక కరిగిపోతుంది చూశారా, ఉంగరం కింద కూడా అదే జరుగుతుంది, గట్టి పొర తగిలేదాకా దిగుతూ పోతుంది. మామూలు డిటెక్టర్ ఉంగరం సైజు వస్తువుని ఓ జానెడు లోతు దాకా పట్టుకుంటుంది, అంతకన్నా దిగితే మెషీన్‌కి వినపడదు.

పైగా ఉప్పు నీళ్ళకి కరెంట్ పారే గుణం ఉంది కాబట్టి తడి ఇసుక మొత్తం మెషీన్‌కి లోహంలాగా అనిపించి ఊరికే కుయ్ కుయ్ మంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే చౌక మెషీన్లు ఇక్కడే చేతులెత్తేస్తాయి. ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపేవి గానీ, పల్స్ ఇండక్షన్ అనేవి గానీ కావాలి. పల్స్‌వి ఉప్పుని పట్టించుకోవు, లోతుకీ వెళ్తాయి, కాకపోతే మేకు ఏదో ఉంగరం ఏదో సరిగ్గా చెప్పవు, అన్నీ తవ్వాల్సిందే.

చెన్నై తీరంలో పోటుకీ పాటుకీ తేడా సుమారు మీటరు, అంతే, కాబట్టి పాటు వచ్చినా బయటపడే నేల కొంచెమే. ఆ కొంచెం టైములోనే వెతకాలి, అమావాస్య పౌర్ణమి దగ్గర్లో పాటు ఇంకాస్త ఎక్కువ దిగుతుంది కాబట్టి ఆ రోజులు చూసుకోండి. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, తుఫాను అలలు ఒడ్డుని కోసి మెట్టులా చేస్తాయి, ఇసుక పోయి బరువైనవి ఆ మెట్టు అడుగున మిగులుతాయి. మన ఉప్పాడ బీచ్‌లో 2020 నవంబర్‌లో నివర్ తుఫాను తర్వాత జనం ఇసుకలో బంగారు ముక్కలు ఏరుకున్న వార్త చాలామంది చూసే ఉంటారు, అక్కడా అలా అలలు తోడిన ఇసుకలోనే దొరికాయి.

అదే మెరీనాలో అయితే ఉల్టా. హార్బర్ కట్టినప్పటి నుంచి దక్షిణం వైపు నుంచి కొట్టుకొచ్చే ఇసుక అక్కడ ఆగిపోయి ఆ బీచ్ ఇంత వెడల్పయ్యింది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. అలా ఇసుక చేరే చోట పోతే నెలలు గడిచేకొద్దీ పైన పేరుకుంటుంది, కాబట్టి ఆలస్యం చేయొద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, ఎంత ఖరీదైన ఉంగరమైనా సరే దానికోసం నీళ్ళల్లోకి దిగొద్దు. మన తీరంలో అల వెనక్కి లాగే జోరు ఎక్కువ, మెరీనాలో ఎంతమంది పోతున్నారో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. వెతకడానికి వచ్చినవాళ్ళని కూడా దింపొద్దు.

ప్ర: మా అమ్మ వెండి మెట్టె ఒకటి, నా సన్న చైను ఒకటి తిరువాన్మియూర్ బీచ్‌లో పోయాయి. రెండూ డిటెక్టర్‌కి తగుల్తాయా?
– ఒక పాఠకురాలు, అడయార్

జ: మెట్టె తగులుతుంది, చైను అనుమానమే. కాయిల్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రం లోహానికి తగిలితే ఆ లోహంలో చిన్న కరెంట్లు గుండ్రంగా తిరుగుతాయి, మెషీన్ వినేది వాటినే. ఉంగరం మూసుకున్న చుట్టు కాబట్టి కరెంట్ హాయిగా తిరుగుతుంది, సిగ్నల్ బాగా వస్తుంది. చైను చూడ్డానికి పెద్దదే గానీ మెషీన్‌కి అది ఒక వస్తువు కాదు, వందల చిన్న చిన్న కొక్కేలు, ఒక్కోదాంట్లో తిరిగే కరెంట్ చాలా తక్కువ. లాకెట్టో, పెద్ద కొక్కెమో ఉంటే దానికి మోగే అవకాశం ఉంది. అమ్మ మెట్టె కాలికి తగ్గట్టు నొక్కుకునే తెరిచిన చుట్టు అయ్యుంటుంది, మూసిన ఉంగరమంత బలంగా మోగదు, కానీ వెండిలో కరెంట్ బాగా పారుతుంది కాబట్టి జానెడు లోతుకన్నా దిగకపోతే దొరుకుతుంది. చైను కోసం పొడి ఇసుకలో అయితే మేస్త్రీలు ప్లాస్టరింగ్‌కి వాడే ఇసుక జల్లెడే నయం, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. అమ్మకి మెట్టె పోయిందంటే ఎంత మనసు కష్టంగా ఉంటుందో తెలుసు, తప్పకుండా ఒకసారి ప్రయత్నించండి.

ప్ర: మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద తోట కుండీల దగ్గర ఉంగరం పడిపోయింది. డిటెక్టర్ తెచ్చుకుంటే ఎక్కడ పెట్టినా మోగుతూనే ఉంది, మెషీన్ పాడైందా?
– ఒక పాఠకుడు, పెరంబూర్

జ: మెషీన్ బాగానే ఉంది, మీ స్లాబ్‌లో ఉన్న ఇనప కడ్డీలే మోగుతున్నాయి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో తూటా ఎక్కడుందో కనుక్కోడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ ఇలాంటి యంత్రమే తెచ్చాడు, గార్‌ఫీల్డ్ పడుకున్న పరుపులో ఉక్కు స్ప్రింగులుండటంతో గందరగోళం అయ్యింది, తూటా దొరకలేదు. మీరు కుండీల్లో మట్టిని ప్లాస్టిక్ తొట్టిలోకి తీసి, స్లాబ్‌కి దూరంగా స్టూలు మీద పెట్టి, ఒక్కో తొట్టినీ విడిగా చూడండి. స్టూలు చెక్కదో ప్లాస్టిక్‌దో అయ్యుండాలి, చేతికి గాజులు, వాచీ, జేబులో ఫోన్ ఉండకూడదు.

ప్ర: అన్నా, నేను ఐటీలో పనిచేస్తా, వీకెండ్స్ ఖాళీ. డిటెక్టర్ కొనుక్కుని మీలాగా జనానికి సాయం చేయాలనుంది. ఏం తెలుసుకోవాలి? డబ్బులు తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, షోళింగనల్లూరు

జ: చాలా మంచి ఆలోచన తమ్ముడూ, మన దగ్గర ఈ పని చేసేవాళ్ళు చాలా తక్కువ. కెనడాలో వాంకూవర్‌లో క్రిస్ టర్నర్ అనే ఆయన ది రింగ్ ఫైండర్స్ అని ఒక డైరెక్టరీనే పెట్టాడు, ఊరూరా డిటెక్టర్ ఉన్నవాళ్ళ పేర్లు అందులో ఉంటాయి, పోగొట్టుకున్నవాళ్ళు పిలుస్తారు, దొరికితే తోచినంత ఇస్తారు. నేనైతే పెట్రోల్ ఖర్చు మాత్రం ముందే చెప్పి తీసుకుంటా, మిగతాది వాళ్ళ ఇష్టం. నువ్వూ ఏదైనా ముందే మాట్లాడుకో, దొరికిన తర్వాత ఏడుస్తూ ఉన్న మనిషి దగ్గర బేరం ఆడకూడదు.

మెషీన్ కొనేటప్పుడు కాయిల్ ఒక్కటే వాటర్‌ప్రూఫా, మొత్తమా అని అడుగు, బీచ్‌కి తగ్గ మోడ్ ఉందా చూడు. పిల్లలు ఆడుకునే బొమ్మ మెషీన్లు వద్దు. గుంట పూడ్చకుండా ఒక్కటి కూడా వదలొద్దు, రాత్రిపూట పిల్లలు పరిగెడుతూ కాళ్ళు విరుచుకుంటారు.

చట్టం గురించి కూడా తెలుసుకో. మహాబలిపురం లాంటి ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) రక్షిత స్థలాల్లో మెషీన్ ఎత్తనే ఎత్తొద్దు, అక్కడ తవ్వడం నేరం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లోనే ఉంది, నేలలో దాచిన నిధి దొరికి దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి. అందుకే నేను ఎవరైనా పిలిచి, ఫలానా వస్తువు ఫలానా చోట పోయింది అని చెప్తేనే వెళ్తా, ఊరికే నిధుల వేటకి వెళ్ళను. పోలీసులు అడిగితే ఉంగరం యజమాని పక్కనే ఉంటే మాట తేలిగ్గా అయిపోతుంది.

ఇంకా ముఖ్యంగా తాబేళ్ళు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీలు బెసెంట్ నగర్, నీలాంకరై వైపు ఒడ్డుకొచ్చి రాత్రిపూట గుడ్లు పెడతాయి, ఒక్కో గూట్లో వంద దాకా ఉంటాయి. చట్టంలో వాటికి పులికున్నంత రక్షణ ఉంది. ఆ రోజుల్లో చీకట్లో వెతకొద్దు, ఇసుక మీద ట్రాక్టర్ వెళ్ళినట్టు జాడ కనిపిస్తే ఆ పక్కన ఒక్క గుంట కూడా తవ్వొద్దు. ఉంగరం పొద్దున్న కూడా దొరుకుతుంది, చితికిన గుడ్డు మళ్ళీ రాదు.

ప్ర: వాకింగ్ చేస్తుంటే మెరీనాలో ఒక ఉంగరం దొరికింది. ఎవరిదో తెలీదు. నాదే అవుతుందా? 
– ఒక పాఠకుడు, ట్రిప్లికేన్

జ: కాదండి. దొరికిన వస్తువుకి మీరు కాపలాదారు మాత్రమే, 1872 కాంట్రాక్ట్ చట్టం 71వ సెక్షన్ అదే చెప్తుంది, మీ వస్తువుని మీరెలా చూసుకుంటారో అలా జాగ్రత్తగా ఉంచాలి. యజమాని వస్తే మీరు పెట్టిన శ్రమకీ ఖర్చుకీ డబ్బు ఇవ్వమని కేసు వేయలేరు, కానీ 168వ సెక్షన్ ప్రకారం ఇచ్చేదాకా ఉంగరం దగ్గర పెట్టుకోవచ్చు, వాళ్ళు ఇంత బహుమతి అని ప్రకటించి ఉంటే అది అడిగే హక్కు మాత్రం మీకుంది. తెలిసీ అమ్ముకుంటే కొత్త భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షన్ కింద కేసు అవుతుంది.

దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో చెప్పి రసీదు తీసుకోండి, వాకింగ్ బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో "ఉంగరం దొరికింది" అని మాత్రం పెట్టండి, ఫోటో పెట్టొద్దు. మనవాళ్ళ పెళ్ళి ఉంగరాల లోపల సాధారణంగా పేరు మొదటి అక్షరమో తేదీయో చెక్కి ఉంటుంది. ఫోన్ చేసినవాళ్ళని లోపల ఏముందో, ఏ షాపు ముద్ర ఉందో, ఏ వేలికి పెట్టుకునేవారో అడగండి. పాత బిల్లు గానీ, ఆ ఉంగరం వేలికి ఉన్న పెళ్ళి ఫోటో గానీ తెమ్మనండి, తెచ్చాక స్టేషన్‌లోనే అప్పజెప్పండి.